కిలో బరువు లేని ఉపగ్రహం

2010 జూలై 12న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-సీ15లో కిలోకు తక్కువ తూగే చిన్న పెట్టె ఒకటుంది. పేరు స్టడ్‌శాట్. హైదరాబాద్, బెంగళూరుల్లోని ఏడు ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు తయారుచేసింది. దాని కెమెరా నేల మీద 90 మీటర్లకన్నా చిన్నవాటిని విడిగా చూపలేదు. ఇస్రో చిత్రాల ముందు అదేపాటి అంటారు, నిజమే. బొమ్మల కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. కానీ చిన్న సోలార్ పలకలిచ్చే కాస్త కరెంటును రేడియోకి, కెమెరాకి, కంప్యూటర్‌కి పంచాలంటే ఎలక్ట్రానిక్స్ వాళ్లు మెకానికల్ వాళ్లతో తగువు పడక తప్పదు. ఆ తగువు ఏ సిలబస్‌లో దొరుకుతుంది?

నాలుగేళ్లకు వెళ్లిపోయే పిల్లలతో పరిశోధన సాగుతుందా అన్నది ఇంకాస్త గట్టి అభ్యంతరం. ఐఐటీ బొంబాయి విద్యార్థుల ఉపగ్రహం ‘ప్రథమ్’ 2007లో మొదలై, 2016 సెప్టెంబరు 26న గానీ కక్ష్యకు చేరలేదు. మొదలెట్టినవాళ్లు అప్పటికెప్పుడో పట్టాలు పుచ్చుకున్నారు. అయినా పని ఆగలేదంటే, లెక్కలూ పొరపాట్లూ తర్వాతి బ్యాచ్‌కి అర్థమయ్యేలా రాసిపెట్టడం కూడా పరిశోధనలో భాగమే కాబట్టి.