తాళం పగలగొట్టని దొంగ



మనవడు ఉచితమని ఏదో ఆట దించాడు. దాంతోపాటు దొంగ ప్రోగ్రాం వచ్చింది. కంప్యూటరు మామూలుగానే నడిచింది, అదే మోసం! బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు, కుకీలు నిమిషాల్లో మూటగట్టి పంపేస్తుంది. కొన్ని ఆపైన తమను తామే చెరిపేసుకుంటాయి.

కుకీ అంటే పెనుకొండ సబ్‌ట్రెజరీలో మనం పుచ్చుకున్న టోకెన్ వంటిది. లాగినయ్యాక సైటు ఇచ్చే గుర్తు. అది చిక్కితే పాస్‌వర్డూ ఓటీపీ లేకుండానే మన మెయిలు తెరవవచ్చు.

2025 మార్చి 16, మే 16 మధ్య ‘లుమ్మా’ అనే ఒక్కటే 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో చేరినట్లు మైక్రోసాఫ్ట్ గుర్తించింది.

నేను అదే కంప్యూటరులో పాస్‌వర్డు మార్చాను. తెలివితక్కువ పని, దొంగ ఇంకా లోపలుంటే కొత్తదీ వాడికే. వేరే మిషనులో మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.