పగటి నిద్ర



నేను ధాన్యపు మిల్లులో పద్దులు వ్రాయువాడను. అచ్చట నా పేరు పలువురెఱుగరు. కుంభకర్ణుడన్న చాలును, నా బల్లయొద్దకు త్రోవ చూపుదురు. ఆ రాక్షసుడు ఆఱు మాసములు నిద్రించినను లేచిన పిమ్మట మెలకువగా నుండెడివాడు. నాకా భాగ్యమును లేదు. రాత్రి చాలినంత నిద్రించియు, పది గంటలకే కలము చేతనుండగా కన్నులు మూతపడును. తెలివి వచ్చి చూచుసరికి అంకెల వరుస క్రిందికి జాఱి గీతయై యుండును.

ఒక పెండ్లిలో మా బావమఱది పరిహాసమాడగా పకపక నవ్వితిని. మోకాళ్లు సడలి పందిటిలో కూలితిని. స్పృహ తప్పలేదు, అందఱి మాటలును వినబడుచునే యుండెను. "శుభకార్యమునకు కూడ త్రాగి వచ్చినాడా?" అని ఒకరనిరి. నోరు మెదల్పలేకపోతిని. మా తండ్రిగారు తల వంచుకొని లేచిపోయిరి. నిమిషములో లేచి కూర్చుంటిని గాని, ఎవరికేమని చెప్పుదును?

ఈ వ్యాధికి నార్కోలెప్సీ యని పేరు పెట్టినది గెలినో అను ఫ్రెంచి వైద్యుడు, 1880లో. ఆయన చూచిన రోగి ద్రాక్షసారాయి పీపాల వర్తకుడు. అతడును నవ్వినప్పుడు కాళ్లు పట్టు తప్పి పడెడివాడట. పీపాల వర్తకుడు పడిపోయిన చూచినవారేమనుకొనిరో నాకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

మెలకువను నిలుపు ఒరెక్సిన్ అను పదార్థమును మెదడులోని కొన్ని కణములు పుట్టించును. 1998లో దానిని కనుగొనిరి. నావంటి రోగులలో ఆ కణములు నశించియుండునని 2000లో తెలిసెను. కలలు వచ్చు నిద్రలో అందఱికిని కండరములు సడలును. మాకా సడలిక మెలకువలోనే, నవ్వుతో వచ్చును. మందు మగతను తగ్గించును గాని వ్యాధిని మాన్పదు.

యజమాని మొదట జీతము కోసెను. వైద్యుని చీటి చూపగా, "నిద్రకు కూడ చీటియా!" అని నవ్వెను. ముసలి గుమాస్తాగారు మాత్రము, "అబ్బాయీ, మధ్యాహ్నము పావుగంట బస్తాల వెనుక పండుకో, నేను లేపెదను" అనిరి. ఆ పావుగంట పిమ్మట కొన్ని గంటలు నా లెక్కలో తప్పు దొరకదు. యంత్రముల దరికి నన్ను పోనీయరు. బండి నడుపుట నేనే మానితిని.

ఇది తఱచుగా పదునాఱేండ్ల ప్రాయమునకు అటునిటుగా మొదలగును. మీ బడిలో తూగి దెబ్బలు తిను పిల్లవాడున్నచో, బెత్తము ప్రక్కనబెట్టి నరముల వైద్యునికి చూపింపుడు.

వైద్యుడు చెప్పినదంతయు మా తండ్రిగారికి వినిపించితిని. చాలసేపు మాటలాడక, "నాడు పందిటిలో వారన్న మాట నీవు వింటివా?" అని యడిగిరి.

వింటినని చెప్పితిని.