సైలెన్సర్ మారిస్తే వారంటీ ఉంటుందా? ఇన్సూరెన్స్ వస్తుందా?

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. మూడు వారాల కింద మా పిన్ని కొడుకు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. ఉద్యోగం వచ్చాక మొదటి కారు, చిన్న టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఈఎంఐ వీడిది, ఆర్‌సీ మాత్రం బాబాయి పేరు మీద. కారుకి ఇంకా పద్నాలుగు నెలలే.

"అన్నా, టర్బో పోయింది. సర్వీస్ సెంటర్ వాళ్ళు వారంటీ లేదంటున్నారు. లక్షా పదిహేను వేలు ఎస్టిమేట్ ఇచ్చారు. నాన్నకి ఇంకా చెప్పలేదు" అన్నాడు.

నేను ఒకటే అడిగాను. "కారుకి ఏం చేయించావురా?"

కాసేపు సైలెన్స్. ఆ కారు నుంచి మాత్రం ఆరు నెలలుగా సైలెన్స్ లేదట. వీధి చివర మలుపు తిరగ్గానే పిన్నికి తెలిసిపోయేది, అబ్బాయి వస్తున్నాడని.

తర్వాత వాడు ఇంకో మాట అన్నాడు. "పోనీలే అన్నా, ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిగా, అందులో క్లెయిమ్ చేద్దాం." ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఆ మాటే. వారంటీ, ఇన్సూరెన్స్ రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండూ వేర్వేరు కాగితాలు. ఒకటి కారు చేసినవాడు ఇచ్చింది, ఇంకొకటి ప్రమాదం జరిగితే డబ్బిస్తానన్నవాడు ఇచ్చింది.

ముందు కారు కిందకి వెళ్దాం. మనం మొత్తాన్నీ కలిపి సైలెన్సర్ అనేస్తాం గానీ అది చాలా పొడుగు వ్యవహారం. ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే చోట మానిఫోల్డ్. టర్బో కారైతే ఆ పక్కనే టర్బో. దాని తర్వాత డౌన్‌పైప్, అక్కడే క్యాటలిటిక్ కన్వర్టర్. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూతతో పొగలోని విషవాయువుల్ని తగ్గించేది అదే. దానికి ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సర్లు. ఆ తర్వాత రెజొనేటర్, చిట్టచివర బంపర్ కింద మఫ్లర్. అసలు సైలెన్సర్ డబ్బా అంటే అది.

ఇప్పుడు గుర్తు పెట్టుకోవాల్సిన గీత ఒకటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర గీత గీయండి. దాని వెనక వైపు పైపులు మారిస్తే ఎక్కువగా మారేది సౌండే. 1.2 లీటర్ మామూలు ఇంజన్‌కి వెనక డబ్బా పీకేస్తే చెప్పుకోదగ్గ పవర్ ఏమీ రాదు, పక్కింటివాళ్ళ తిట్లు వస్తాయి. గీతకి ముందువైపు చెయ్యి పెడితే మాత్రం ఇంజన్ ఊపిరి తీసుకునే పద్ధతే మారుతుంది. కన్వర్టర్ తీసేస్తే వెనక సెన్సర్ వెంటనే పట్టేస్తుంది, మీటర్లో చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది. ఆ లైట్ ఆర్పడానికి ఈసీయూలో సాఫ్ట్‌వేర్ మారుస్తారు. దాన్నే రీమ్యాప్ అంటారు. ఎలాగూ మారుస్తున్నాం కదా అని టర్బో బూస్ట్ కూడా పెంచుతారు. పాప్స్ అండ్ బ్యాంగ్స్ కావాలంటే ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిపి, ఇంజన్‌లో మండాల్సిన పెట్రోల్‌ని ఎగ్జాస్ట్‌లో మండేలా చేస్తారు. ఆ ఢాం ఢాం చప్పుడు అదే. వినడానికి సరదాగా ఉంటుంది, కన్వర్టర్‌కీ టర్బోకీ మాత్రం అది సరదా కాదు.

మావాడు చేయించింది ఏంటంటే, కన్వర్టర్ లేని డౌన్‌పైప్, వెనక దాకా కొత్త పైపు, పైన రీమ్యాప్. అంటే గీతకి రెండు వైపులా.

ఇక వారంటీ. మీలో చాలామంది అమెరికా యూట్యూబర్ల వీడియోలు చూసి ఒక మాట అంటుంటారు: "పార్ట్ మార్చినంత మాత్రాన వారంటీ క్యాన్సిల్ చెయ్యకూడదు, చట్టం ఉంది" అని. నిజమే, ఉంది. మ్యాగ్నసన్-మాస్ వారంటీ చట్టం, 1975. కానీ అది అమెరికాది. విజయవాడ సర్వీస్ అడ్వైజర్ ముందు దాని పేరు చెప్తే కాఫీ ఇచ్చి పంపిస్తాడు. మన దగ్గర వారంటీ అంటే కారుతో పాటు ఇచ్చిన బుక్‌లెట్‌లో రాసి ఉన్న షరతులు. గ్లవ్ బాక్స్‌లో కవర్ కూడా చింపకుండా ఉంటుంది చూడండి, ఆ పుస్తకం. కంపెనీని బట్టి మాటలు మారతాయి గానీ, మామూలుగా ఉండే సారం ఒకటే: కంపెనీ ఆమోదించని మార్పుల వల్ల వచ్చిన నష్టానికి మా బాధ్యత లేదు.

ఇక్కడ "వల్ల" అన్న మాట చాలా ముఖ్యం. వెనక మఫ్లర్ మార్చిన కారుకి పవర్ విండో పనిచెయ్యకపోతే, ఆ మఫ్లర్‌ని చూపించి వారంటీ లేదనడం న్యాయం కాదు. గట్టిగా అడగండి. "ఏ పార్టు, ఏ మార్పు వల్ల పోయిందో కాగితం మీద రాసివ్వండి" అనండి. కౌంటర్ దగ్గర నోటితో చెప్పినంత ధైర్యంగా చాలామంది కాగితం మీద రాయరు. వినకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ళ లోపు వెళ్ళొచ్చు.

కానీ మావాడి కేసులో పోయిందే టర్బో. మార్చింది టర్బో పక్క పైపు, టర్బోని నడిపే సాఫ్ట్‌వేర్. అక్కడ వాదించడానికి నాకే మొహం లేదు.

"సర్వీస్‌కి ముందు స్టాక్ పైపులు మళ్ళీ బిగించేస్తే తెలీదు కదా బ్రో" అంటారు. పైపు వరకు కొంత దాగొచ్చు, అదీ విప్పిన బోల్టుల మీద గీతలు, కొత్త క్లాంపులు కనపడకపోతే. సాఫ్ట్‌వేర్ అలా దాగదు. ఈసీయూని ఎన్నిసార్లు రాశారో చాలా కార్లలో లెక్క ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి కార్లు నడిపేవాళ్ళకి టీడీ1 అనే మాట తెలిసే ఉంటుంది. డీలర్ స్కానర్ పెట్టినప్పుడు కారులో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ రికార్డుతో కలవకపోతే ఆ బండి మీద పడే ముద్ర అది. ఒకసారి పడితే ఆ కారు ఏ ఊరి డీలర్ దగ్గరికి వెళ్ళినా కనిపిస్తుంది. మావాడు కూడా స్టాక్ పైపులు బిగించే తీసుకెళ్ళాడు. అరగంటలో దొరికిపోయాడు.

ఇప్పుడు ఇన్సూరెన్స్. మొదట వాడి ఆశ సంగతి. టర్బో పాడైతే ఇన్సూరెన్స్ రాదు, కారు స్టాక్‌గా ఉన్నా రాదు. మెకానికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల పాలసీలోనే మినహాయింపులు. ఇన్సూరెన్స్ ఉన్నది ప్రమాదం, మంటలు, దొంగతనం, వరద లాంటివాటికి. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకున్నా అది ప్రధానంగా నీళ్ళు చేరడం, ఆయిల్ కారిపోవడం లాంటి వాటికే.

మరి నిజంగా యాక్సిడెంట్ అయితే? ఇక్కడ రెండు భాగాలు చేసి చూడాలి.

ఒకటి థర్డ్ పార్టీ. మీ కారు వల్ల ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే ఇచ్చేది. సైలెన్సర్ మార్చాడన్నది ఆ బాధితుడికి డబ్బు ఎగ్గొట్టడానికి మోటారు వాహనాల చట్టం ఇచ్చిన కారణాల్లో లేదు. పాలసీ తీసుకునేటప్పుడే ముఖ్యమైన విషయం దాచారని కంపెనీ వాదించే దారి ఒకటుంది. అలాంటి వివాదాల్లో ముందు బాధితుడికి కట్టించి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. ఓనర్ అంటే ఆర్‌సీలో పేరున్న మనిషి. మా ఇంట్లో అయితే బాబాయి. వాడికి ఈ మాట చెప్పినప్పుడే మొదటిసారి గొంతు మారింది.

రెండోది ఓన్ డ్యామేజ్, మీ కారు రిపేర్ డబ్బు. అసలు గొడవంతా ఇక్కడే. క్లెయిమ్ 50 వేలు దాటితే లైసెన్స్ ఉన్న సర్వేయర్ వచ్చి చూస్తాడు. కంపెనీ లెక్కలో రెండే ప్రశ్నలు: నేను ఇన్సూర్ చేసిన కారు ఇదేనా? మారిస్తే నాకు చెప్పావా?

ఒక ఉదాహరణ చెప్తాను. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మీ కారుని వెనక నుంచి లారీ గుద్దింది. మీ మఫ్లర్‌కీ ఆ ప్రమాదానికీ సంబంధం లేదు. దాన్ని సాకుగా చూపించి మొత్తం క్లెయిమ్ కొట్టేస్తే ఊరుకోకండి. కాకపోతే విరిగిపోయిన 60 వేల పైపు డబ్బు మాత్రం అడగకండి. అది మీరు డిక్లేర్ చెయ్యలేదు, కారు ఐడీవీలో లేదు. ఇంకో సీన్ చూడండి. పైపు వేసేటప్పుడు హీట్ షీల్డ్ అడ్డొచ్చిందని మెకానిక్ పీకి పక్కన పడేశాడు. టర్బో పెట్రోల్ కారుని గట్టిగా తొక్కితే మానిఫోల్డ్ దగ్గర వేడి 800 డిగ్రీలు కూడా దాటుతుంది. పక్కన వైరింగ్ కరిగి కారు తగలబడింది. ఇక్కడ సంబంధం సూటిగా ఉంది. వాహనాన్ని సరైన కండిషన్‌లో ఉంచాలి అనేది పాలసీ షరతు, దాన్ని తీసి మీ ముందు పెడతారు.

అన్ని కేసులూ ఇలా తెలుపు, నలుపుగా ఉండవు. 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు, షరతు తప్పినంత మాత్రాన మొత్తం క్లెయిమ్ కొట్టేయక్కర్లేదు, నాన్-స్టాండర్డ్ పద్ధతిలో కొంత ఇవ్వాలి అంది. ఆ పద్ధతిలో 75 శాతం దాకా వస్తుంది. అది సొంత వాడకం పాలసీ ఉన్న బండిని అద్దెకిచ్చిన కేసు, సైలెన్సర్ కేసు కాదు. అయినా మీ క్లెయిమ్ పూర్తిగా కొట్టేసినప్పుడు లాయర్ పట్టుకునే మొదటి తీగ అదే. కోర్టు దాకా వెళ్ళే ముందు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, రెండు తెలుగు రాష్ట్రాలకీ హైదరాబాద్‌లో ఆఫీసు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల ఆగండి. జవాబు రాకపోయినా, కాదన్నా ఏడాది లోపు అక్కడికి వెళ్ళండి. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

"అయితే ముందే కంపెనీకి చెప్పేస్తే సరిపోతుంది కదా?" సీఎన్‌జీ కిట్ అయితే సరిపోతుంది. ఆర్‌సీలో ఎక్కించుకుని, పాలసీలో ఎండార్స్‌మెంట్ చేయించుకుని, కొంచెం ఎక్కువ ప్రీమియం కడితే అయిపోయింది. మార్కెట్ ఎగ్జాస్ట్‌కి ఆ దారి లేదు, ఎందుకంటే చిక్కు చట్టంలోనే ఉంది. సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్దం, కాలుష్యం కింద సెక్షన్ 190 వేరే ఉంది: మొదటిసారికే 10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్స్ మీద వేటు. రోడ్ రోలర్‌తో సైలెన్సర్లు తొక్కించే పోలీసు వీడియోలు మీరు చూసే ఉంటారు. అందుకే చట్టం ఒప్పుకోని పార్టుని పాలసీలో రాయమంటే కంపెనీ ఎందుకు రాస్తుంది చెప్పండి?

సౌండ్ ఇష్టం ఉండటం తప్పు కాదండి. నాకూ ఇష్టమే. అంత ఇష్టముంటే కొనేటప్పుడే చూసుకోండి. ఐ20 ఎన్ లైన్ లాంటి కార్లు కంపెనీ నుంచే వేరే ట్యూనింగ్ ఉన్న ఎగ్జాస్ట్‌తో వస్తాయి. ఆ సౌండ్ అప్రూవల్‌తో పాటే వస్తుంది. మామూలు కారైతే బంపర్ దగ్గర స్టీల్ టిప్ పెట్టుకోండి, దానివల్ల టర్బో పోదు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మాత్రం లిఫ్ట్ మీద ఎక్కించి కన్వర్టర్ ఉందో లేదో చూడండి. లోపల ఖాళీ చేసి పైన వెల్డింగ్ పెట్టినవి కూడా తిరుగుతున్నాయి. ఓబీడీ స్కానర్ కూడా పెట్టించండి.

మావాడి సంగతి చెప్పి ముగిస్తాను. వారంటీ కోసం కొట్లాడొద్దన్నాను. బయట రీకండిషన్డ్ టర్బో దొరికింది, లేబర్‌తో కలిపి బిల్లు దాదాపు సగానికి దిగింది. స్టాక్ డౌన్‌పైప్ మంచం కింద భద్రంగా ఉంది కాబట్టి అది మళ్ళీ ఎక్కించారు, సాఫ్ట్‌వేర్ ఒరిజినల్‌కి తెచ్చారు. ఆ ఎగ్జాస్ట్‌ని అమ్ముదామని చూశాడు, దాన్ని ఇంకొకడి కారుకి అంటగట్టొద్దని చెప్పాను. బాబాయికి మొన్న ఆదివారం భోజనాల దగ్గర చెప్పాడట. ఆయన తిట్టలేదు. "సౌండ్ తగ్గిందేంటా అనుకున్నాను" అని, ఇన్సూరెన్స్ కాగితాలు తెమ్మన్నారట చదవడానికి.

మీ పాలసీలో అర్థం కాని లైన్ ఏదైనా ఉంటే, పేరు, పాలసీ నంబర్ కనపడకుండా ఫోటో తీసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో అవే చదువుదాం. ఉంటానండి.