ఫొటో, మగ్గం, సూది: మన ముఖాన్ని మనమే నేసుకుందాం



ఈ రోజు మేము ఫొటోను, చేనేతను కలిపి చేసే కళ గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం. "మనం సూది పట్టినోళ్ళం, మగ్గంతో మనకేం పని?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజమే, ఫేటియా, కాంచళి, టుక్రి మీద అద్దాలు, గవ్వలు కుట్టిన చేతులు మనవి. బట్ట నేసింది మాత్రం పక్క ఊళ్ళ పద్మశాలి అన్నలు. కానీ ఇప్పుడు ప్రతి ఒక్కరి జేబులో కెమెరా ఉంది. ఫోనులో వందల ఫొటోలు ఉంటాయి, ఫోను పోతే అన్నీ పోతాయి. అమ్మమ్మ కుట్టిన ఫేటియా మాత్రం ఆమె పోయినా పెట్టెలో ఉంటుంది. ఈ రెండింటినీ ఒకచోటికి తేవడం ఎలా అన్నదే మన ముందున్న ప్రశ్న.

దూరం పోనక్కర లేదు. 2016లో జిల్లాలు విడిపోయేదాకా మన మాడుగులపల్లి, పోచంపల్లి, పుట్టపాక అన్నీ ఒకే నల్లగొండ జిల్లా. పోచంపల్లి నేతలో బొమ్మ మగ్గం మీద పుట్టదు, అంతకు ముందే నూలు మీద పుడుతుంది. ముందు ఆసు పోస్తారు. తర్వాత గ్రాఫ్ కాగితం మీద గీసిన గళ్ళ ప్రకారం నూలుకు రబ్బరు పట్టీలతో చిటికీలు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు, విప్పిన చోట ఎక్కుతుంది. పాతకాలం ఫొటో నెగెటివ్ పని కూడా ఇలాంటిదే. వెలుగు తగిలిన చోట ఒక రంగు, ఆపిన చోట ఇంకో రంగు. ఫోనులో ఫొటోను బాగా పెద్దది చేసి చూడండి, చిన్న చిన్న గళ్ళు కనిపిస్తాయి. నేతన్న గ్రాఫ్ కాగితం మీద ఉన్నవీ గళ్ళే.

ఈ పనిలో ఎంత కష్టం ఉందో చింతకింది మల్లేశం కథ చెబుతుంది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేయి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

నేతన్నలు తమ కాలాన్ని బట్టలోకి ఎక్కించడం కొత్త కాదు. చీరాలలో పుట్టి పుట్టపాకలో నిలిచిన తేలియా రుమాలు చూడండి. నూనె, ఆముదం కాయల బూడిదతో నూలును పదును చేసి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో నేస్తారు. పాత రుమాళ్ళలో సింహాలు, ఏనుగులతో పాటు విమానాలు, గడియారాలు కూడా ఉన్నాయి. కొత్తగా కళ్ళబడినదాన్ని నేతన్న కెమెరా లేకుండానే పట్టుకున్నాడు. 2020లో ఈ రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2022లో సిరిసిల్ల నేతన్న యెల్ది హరిప్రసాద్ జీ20 చిహ్నాన్ని చేత్తో నేసి ప్రధానికి పంపితే, దేశమంతా ఆ మాట విన్నది.

ఫొటో పుట్టిన సంగతి ప్రపంచానికి తెలిసింది 1839లో. అదే ఏడాది ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జాకార్డ్ మగ్గం కనిపెట్టిన జాకార్డ్ బొమ్మను పట్టుతో నేశారు. దానికి 24 వేల చిల్లుల కార్డులు వాడారు. అది చూసి చెక్కిన బొమ్మ అనుకున్నవారు ఉన్నారు. ఈ రోజుల్లో అమెరికాలో లియా కుక్ కంప్యూటర్‌తో నడిచే జాకార్డ్ చేమగ్గం మీద ఫొటోల్లోని ముఖాలను నేస్తారు. దగ్గర నుంచి చూస్తే దారాలే, దూరం జరిగితే ముఖం.

మనం ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది ఆదివాసీ కళాకారుల పని. చెరోకీ తెగకు చెందిన షాన్ గోషార్న్, పిల్లలను తల్లిదండ్రుల నుంచి దూరం చేసి వారి భాష, వేషం మాన్పించిన కార్లైల్ బడి గురించి 2011లో ఒక బుట్ట అల్లారు. ఆ పిల్లల పాత ఫొటోను, వాళ్ళ పేర్లను కాగితం మీద అచ్చు వేసి, సన్నని పట్టీలుగా కోసి, తమ తెగ బుట్ట అల్లికలోనే అల్లారు. చిటిమాచా, చోక్టా తెగల బిడ్డ సారా సెన్స్ కూడా ఫొటోలను కోసి తన వారి బుట్టల నమూనాలో అల్లుతారు. వియత్నాంలో పుట్టిన దిన్ క్యూ లే చిన్నప్పుడు బంధువు దగ్గర నేర్చిన గడ్డిచాప అల్లికతోనే ఫొటోలు అల్లారు. ముగ్గురూ కొత్త విద్య కోసం ఇంటి విద్యను వదల్లేదు.

ఇది మనకెందుకు ముఖ్యం? గిరిజనుల ఫొటోలు చాలాకాలం బయటివాళ్ళే తీశారు. 1940ల్లో హైమన్‌డార్ఫ్ హైదరాబాద్ రాజ్యంలో చెంచులను, కొండరెడ్లను, గోండులను ఫొటోలు తీశారు. అవి లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. అవి ఉండటం మేలే. కానీ ఫొటోలో ముఖం ఒకరిది, ఫొటో తీసిన చేయి ఇంకొకరిది, దాచిన అల్మారా మరొకరిది. ఫేటియా వేసుకున్న అవ్వ ఫొటో నేడు క్యాలెండర్ మీద, పోస్టర్ మీద కనిపిస్తుంది. ఆమె పేరు మాత్రం కింద ఉండదు. ఈ లెక్క మార్చే అవకాశం మీ చేతుల్లో ఉంది.

మొదలుపెట్టడం ఎలాగో చెబుతాం. ఒక ఫొటో తీసుకోండి. దాన్ని అడ్డం 100, నిలువు 100 గళ్ళుగా విడగొట్టండి, 10 వేల గళ్ళవుతాయి. రంగులు మూడుకు తగ్గించండి. ఆ గ్రాఫ్ పట్టుకొని నేతన్న దగ్గర కూర్చుంటే, ఏది నేయవచ్చో, ఏది కాదో ఆయనే చెబుతాడు. మగ్గం దొరకకపోతే అదే గ్రాఫ్ చూసి దారాలు లెక్కపెట్టి కుట్టవచ్చు. ఆ లెక్క మన యాడీల వేళ్ళకు తెలుసు.

ఇంకో దారి నీలి అచ్చు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. రెండు ఇనుప లవణాలు కలిపిన ద్రావణాన్ని నూలు పడుగుకు పూసి, చీకటిలో ఆరబెట్టి, పైన నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచాలి. తర్వాత నీళ్ళతో కడిగితే ఎండ తగిలిన చోట నీలం నిలుస్తుంది. ఆ పడుగులో తెల్ల పేక వేసి నేస్తే బొమ్మ అంచులు కాస్త చెదిరి, చిటికీ నేత లాగే వస్తుంది. సబ్బు తగిలితే ఈ నీలం వెలిసిపోతుంది కాబట్టి గోడకు పెట్టుకునే బట్టకే వాడండి. చేతులకు గ్లౌజులు వేసుకొని, సైన్సు సారు దగ్గరుండగా చేయండి.

మూడు మాటలు మాత్రం మరవకండి. ఫొటో తీసేముందు అడగండి, అది బట్ట మీదికి ఎక్కుతుందని కూడా చెప్పండి. ఆమె పేరు, తండా పేరు, నేసినవారి పేరు, కుట్టినవారి పేరు ఆ బట్ట అంచులోనే ఉండాలి. అమ్మితే వచ్చిన డబ్బులో అందరికీ వాటా ఉండాలి.

ఫొటోను మిల్లులో నిమిషాల్లో బట్ట మీద అచ్చు కొట్టవచ్చు. పోచంపల్లి నమూనాను అలాగే అచ్చు కొట్టి అమ్మడం వల్లే నేతన్న కడుపు మాడుతోంది. మన అద్దాల కుట్టుకూ అదే గతి పట్టకూడదు. అచ్చు బట్టకు చేయి అక్కర లేదు. మనం చేసే బట్టకు తీసిన చేయి, నేసిన చేయి, కుట్టిన చేయి మూడూ కావాలి. ఆ మూడు చేతుల్లో ఒకటైనా మీది కావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.