ఎవరో వేసిన ముద్రతో బతకడం ఎట్టా?

(జలదంకిలో ఆదివాసీ దినోత్సవం నాడు చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి రెండు మాటలు చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. హాస్టల్ వార్డెన్ మైకు పట్టుకుంటే ఇంకేం చెబుతుంది, మార్కులు, అడ్మిషన్లు అనే కదా మీరూ అనుకుంటారు! ఈసారి వేరే సంగతి చెబుతాం. మేం అంటున్నది మా ఇంటి తరఫున: అమ్మ, తమ్ముడు, చెల్లెలు, మేము. ఈ సంగతి చెప్పమని పోయిన నెల అమ్మే అంది.

1992లో మన దగ్గరి దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఆ సారా మా ఇంట్లోనూ పొయ్యి ఆర్పేసింది. అప్పుడే మా కాలనీకి ఒక ప్రార్థన బృందం వచ్చింది. నాయన తాగుడు మానేశాడు. వేలిముద్ర వేసే అమ్మ అక్షరాలు కూడబలుక్కుని బైబిలు చదవడం నేర్చింది. పోయినన్నాళ్లు ప్రేమగానే పోయాం. అందుకే ఆ రోజులను మేం తిట్టుకోం.

అయితే ఆ బృందంలో కట్టుబాట్లు ఎక్కువ. బొట్టు, పూలు, గాజులు కూడవు. పోలేరమ్మ కొలుపు దగ్గరికి పోకూడదు. కొలుపుకు పోయిన బంధువుల ఇంట్లో ముద్ద తినకూడదు. అన్నిటికంటే పెద్దది, జబ్బు చేస్తే మందు మింగకూడదు, ప్రార్థనే చెయ్యాలి. చర్చీలన్నీ ఇట్టా ఉంటాయని అనుకోబాకండి. నెల్లూరులో ఆడవాళ్ల కోసం ఆస్పత్రి పెట్టింది అమెరికన్ బాప్టిస్టు మిషనే. మాకు తగిలింది వేరే బృందం.

కొన్నేళ్లకు నాయన పోయాడు. ఆ తర్వాత చెల్లెలికి జ్వరం వచ్చి తగ్గలేదు. ఎనిమిదో రోజు పిల్ల మాట తడబడింది. అమ్మ ఎవరినీ అడగలేదు. చెల్లెల్ని భుజాన వేసుకుని బస్సెక్కి కావలి పోయింది. టైఫాయిడ్ అన్నారు. పిల్ల బతికింది. ఆదివారం కూటంలో పెద్ద లేచి, అందరి ముందూ అమ్మ పేరు చదివి, "ఈ ఇల్లు విశ్వాస భ్రష్టుల ఇల్లు, ఇక వీళ్లతో పొత్తు వద్దు" అన్నాడు.

ఆ రోజు నుంచి అమ్మకు పదేళ్ల స్నేహితురాళ్లు ఎదురొస్తే పక్క దోవ పట్టారు. ఆమె వెనక "ఉప్పు స్తంభం" అనేవాళ్లు. తమ్ముడికి అనుకున్న సంబంధం తప్పిపోయింది. ఇంతకంటే కష్టం రాత్రుళ్లు. దీపం ఆరినా, కోడిపిల్ల చచ్చినా, ఇది శిక్షేమో అనిపించేది. బయటికి వచ్చినా ఆ భయం మాతోనే వచ్చింది. పోవడానికి ఏళ్లు పట్టింది.

మరి మనవాళ్లు చేరదీశారా? "ఇప్పటికన్నా బుద్ధొచ్చిందా? తప్పు కట్టండి, అందరికీ అన్నం పెట్టండి, అప్పుడు కలుపుకుంటాం" అన్నారు. అక్కడ భ్రష్టులం, ఇక్కడ మారినోళ్లం. తప్పు కట్టే డబ్బు మా దగ్గర లేదు. కట్టడానికి మేం చేసిన తప్పూ లేదు.

అదే ఏడు అమ్మమ్మ చనిపోయింది. మోసేదానికి నలుగురు కావాలి. పొద్దెక్కిందాకా ఎవరూ రాలేదు. అప్పుడు పక్క వీధి అత్త, పోలేరమ్మకు ఏటా కుండ ఎత్తే మనిషి, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని జావ కుండతో వచ్చింది. ఇక్కడే మేం తల దించుకుని ఒక మాట చెప్పాలి. మేం బృందంలో ఉన్నప్పుడు ఆ అత్త ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదు. ఆమె బిడ్డను "విగ్రహాలోళ్ల పిల్ల" అని బడిలో పక్కన కూర్చోనివ్వలేదు. మా మీద పడిన మాట లాంటిదే అంతకు ముందు మేమూ ఇంకొకరి మీద వేశాం. ఆ సంగతి అత్త ఎత్తలేదు. "లేవండి, పొద్దెక్కుతోంది" అంది, అంతే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ముద్ర అంటే ఏందో మన జాతికి ఒకరు నేర్పక్కర్లేదు. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ఆ చట్టం కింద పుట్టుకతోనే మనిషి దొంగ. రాత్రిపూట స్టేషన్‌కు పోయి హాజరు వేయించుకోవాలి. మన యానాదులూ, ఎరుకలవాళ్లూ ఆ ముద్ర మోసిన వాళ్లే. ఈ పక్కన కావలిలోనే మిషను వాళ్ల చేతికింద ఎరుకల సెటిల్‌మెంట్ నడిచింది. నెల్లూరు వకీలు వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది. చట్టం పోయినా మాట పోవడానికి ఇంకా ఎన్నేళ్లు పట్టిందో మీ తాతల్ని అడగండి. ఆ మాట విని మన తాతలు "అవును, మేం దొంగలమే" అనుకుని ఉంటే ఈ రోజు మనం ఇక్కడ ఉండేవాళ్లం కాదు.

మతం విషయంలోనూ ఈ ముద్ర మన ఒక్కరిదే కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయిస్తే ఆ ఇంటిని వెలేశారు. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే బిందె ఎత్తుకుని గోదావరికి పోయారు. గోరా గారు, గోపరాజు రామచంద్రరావు గారు, జంధ్యం తీసేసినందుకు తండ్రి ఇల్లు విడిచి పోవాల్సి వచ్చింది. దేవుడి గురించి తన అభిప్రాయం రాసినందుకు 1933లో కాకినాడ కాలేజీ ఉద్యోగం పోయింది. ఆయనా, భార్య సరస్వతి గారూ కుంగిపోయి ఇంట్లో కూర్చోలేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అంటరానివాళ్లన్న జనంతో కలిసి కూర్చుని తిన్నారు. మీరు నాస్తికులు కావాలని ఇది చెప్పడం లేదు. దేవుణ్ణి నమ్మిన వీరేశలింగం గారికీ, నమ్మని గోరా గారికీ వెలి ఒకే రకంగా వచ్చింది. ఇద్దరి ఇళ్లలోనూ పక్కన నిలబడిన మనిషి ఉంది.

ఇక మా అనుభవంలో పనికొచ్చిన సంగతులు చెబుతాం.

ఒకటి, ప్రతి మాటకూ జవాబు చెప్పబాకండి. మొదట్లో మేం వీధిలో నిలబడి వాదించేవాళ్లం. ఒక్కరు కూడా మారలేదు, మాకు గొంతు పోయింది. తర్వాత ఒకే మాట పెట్టుకున్నాం: "మా పిల్ల బతికింది. మీరు బాగుండండి."

రెండు, మీతో కలిసి తినే ఒక్క ఇల్లు చూసుకోండి. పదిళ్లు అక్కర్లేదు. మాకు అత్త ఇల్లు దొరికింది.

మూడు, భయం వచ్చినప్పుడు లోపలే దాచుకోబాకండి. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి వచ్చినా టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకైతే 1098 ఉంది.

నాలుగు, విడిచి వచ్చినదాన్ని పగబట్టబాకండి. అమ్మ ఇప్పటికీ పొద్దున్నే బైబిలు చదువుతుంది. అక్షరాలు అక్కడే వచ్చాయి మరి. పోలేరమ్మ కొలుపుకూ పోతుంది. ఆమెను ఏ మతం అని అడిగితే నవ్వుతుంది.

అయిదు, "మతం మారితే సర్టిఫికెట్ పోతుంది, తిరిగి వస్తే పోతుంది" అని ఎవరన్నా బెదిరిస్తే తెలుసుకుని మాట్లాడండి. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డ్ కులాలకు ఉంది, మనకు లేదు. మనం తెగ వాళ్లం. మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రకారం మనస్సాక్షి స్వేచ్ఛ అందరిదీ. ఒక మతంలో చేరేవాళ్లకు ఎంత హక్కుందో, బయటికి వచ్చేవాళ్లకూ అంతే ఉంది.

ఆఖరున మా హాస్టల్ సంగతి. రెండేళ్ల కింద తొమ్మిదో తరగతి అమ్మాయి పళ్లెం పట్టుకుని మెట్ల మీద ఒంటరిగా తినడం చూశాం. వాళ్ల ఇల్లు ఒక ప్రార్థన బృందం నుంచి బయటికి వచ్చింది. అదే బృందం పిల్లలు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. మేం కోపంతో ఆ పిల్లల్ని బలవంతంగా ఆమె పక్కన కూర్చోబెట్టాం. ఆ పూట ఎవరూ అన్నం ముట్టలేదు. అప్పుడు తెలిసింది, కలిసి తినడం ఆర్డరు వేసి చేయించే పని కాదని. మర్నాటి నుంచి మేమే పళ్లెం పట్టుకుని మెట్ల మీద ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాం. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాలుగో రోజు ఆరో తరగతి చిన్నది ఒకతె వచ్చి కూర్చుంది. నెల తిరిగేసరికి మెట్లు చాల్లేదు. ఇద్దరు మాత్రం చివరిదాకా రాలేదు. వాళ్ల ఇళ్లలో ఏం చెబుతారో మాకు తెలుసు, మేం ఆ ఇంట్లో పెరిగినవాళ్లమే. అందుకే వాళ్లను తిట్టలేదు.

మీ కాలనీల్లోనూ ఇట్టాంటి ఇళ్లు ఉంటాయి. చర్చికి పోయినందుకు మనవాళ్లు దూరం పెట్టిన ఇల్లు ఉంటుంది. చర్చి మానేసినందుకు వాళ్లు దూరం పెట్టిన ఇల్లు ఉంటుంది. ఇంకాసేపట్లో భోజనాలు. ఆ ఇళ్ల వాళ్లు ఈ సభకు వచ్చి ఉంటే ఏ మూల కూర్చున్నారో మీకే తెలుసు. పళ్లెం తీసుకుని అటు పోండి.

జై ఆదివాసీ.