గాలి మిషను ఇచ్చే ముందు

 

కుట్టు మిషన్లు, తోపుడు బండ్ల తర్వాత మన కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కువగా అడుగుతున్నది గాలి మిషను, అంటే ఎయిర్ కంప్రెసర్. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా పంక్చర్ షాపుల్లో మనవాళ్లు ఎందరున్నారో మీకు తెలియంది కాదు. "చిన్నది కొంటే అదే డబ్బుతో ఇద్దరికి ఇవ్వొచ్చు కదా?" అని కొందరు దాతలు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే.

దరఖాస్తు పెట్టిన కుర్రాణ్ణి మేం మొదట అడిగేది, నీ షాపు ముందు ఏ బండి ఆగుతుంది అని. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి ఊళ్లలో ఆగేవి బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు. బైకు టైరుకు 30 పీఎస్ఐ అటూ ఇటూ చాలు. ట్రాక్టరు వెనక టైరు చూడ్డానికి ఏనుగంత ఉన్నా దాని ప్రెషర్ తక్కువే. నింపడానికి కాస్త సేపు పడుతుంది, అంతే. అక్కడ ఒకటి రెండు హెచ్‌పీ మిషను ఇల్లు గడుపుతుంది. పైగా అక్కడ దొరికేది సింగిల్ ఫేజ్ కరెంటైతే, వోల్టేజీ పడిపోయినప్పుడు పెద్ద మోటారు మూలిగి, వైండింగ్ కాలిపోతుంది.

విజయవాడ–జగదల్‌పూర్ రహదారి మీద లెక్క వేరు. మణుగూరు బొగ్గు లారీలు, సారపాక కాగితం మిల్లుకు కర్ర తెచ్చే లారీలు ఆగే చోట ఒక్కో టైరుకు 110 పీఎస్ఐ దాకా ఎక్కాలి. చిన్న సింగిల్ స్టేజ్ మిషన్లు చాలావరకు 8 బార్, అంటే 116 దగ్గరే ఆగిపోతాయి. చివరి పది పాయింట్లు ఎక్కేలోపు డ్రైవరు విసుక్కుని పక్క షాపుకు పోతాడు. ఇక్కడ కావాల్సింది 12 బార్ ఇచ్చే టూ స్టేజ్ మిషను. 5 హెచ్‌పీ మోటారైతే దానికి త్రీ ఫేజ్ మీటరు. ట్యాంకు పెద్దదైతే గాలి ఎక్కువ వస్తుందనుకుంటారు. ట్యాంకు దాచేదే, పుట్టించేది పంపు. కరపత్రంలో వేసే సీఎఫ్ఎం చూసి మురిసిపోవద్దు. అది చాలాసార్లు పిస్టన్ లాగే గాలి లెక్క, గొట్టంలోకి వచ్చేది అంతకన్నా తక్కువ. అమ్మేవాణ్ణి "ఫ్రీ ఎయిర్ డెలివరీ ఎంత భాయ్?" అని అడగాలి.

పాత మిషను దానమిస్తామనే సోదరులకు జజాకల్లాహ్. కానీ గాలిలో తేమ ట్యాంకు అడుగున నీరై చేరి, లోపల్నుంచి తుప్పు తింటుంది. పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. అలాంటి ట్యాంకు పేలితే ప్రాణం పోతుంది. అందుకే నీటి ఒత్తిడి పరీక్ష చేయించి, సేఫ్టీ వాల్వు, గేజీ, బెల్టు మీద జాలీ ఉంటేనే తీసుకుంటాం. రోజూ అడుగు కుళాయి తిప్పి నీళ్లు వదలడం కుర్రాడికి నేర్పాకే తాళం చేతికిస్తాం.

యాచనకు వచ్చిన అన్సారీ వ్యక్తి సామాను రెండు దిర్హమ్‌లకు అమ్మించి, ఒకదానితో ఇంటికి తిండి, రెండోదానితో గొడ్డలి తెప్పించిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. ఆ గొడ్డలికి కామ బిగించింది ప్రవక్త (స) స్వయంగా. వైరింగు, గొట్టం, మీటరు డిపాజిట్టు లేని కంప్రెసర్ కామ లేని గొడ్డలే. దాతలు మిషను ధరకే రసీదు అడుగుతున్నారు. ఈ ఖర్చు కూడా కలిపి మంజూరు చేయమని మా మనవి. జకాత్ సొమ్ముతో కొన్నది అతని సొంతం అవ్వాలి గనుక, ట్యాంకు మీద దాత పేరు రాయించమని మాత్రం అడగకండి.

ఎవరి షాపు ముందు ఏ బండ్లు ఆగుతాయో, ఏ కరెంటు ఉందో రాసిన దరఖాస్తులు ఆఫీసులో ఉన్నాయి. జుమా తర్వాత వచ్చి చూడొచ్చు.