హకారం కోసం

(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

రెండు చేతులూ జోడించినప్పుడు నా నోట మాట రాలేదని మీరు గమనించే ఉంటారు. నేను మాట్లాడాలంటే ఒక బొటనవేలు మెడ మీద ఉండాలి. అందువల్ల నాకు నమస్కారం ముందు, పలుకు తరువాత. కార్యదర్శిగారు పది నిమిషాలు మాట్లాడమన్నారు, అయిదుకు ఒప్పించాను.

మూడేళ్ళ క్రితం క్యాన్సర్ కారణంగా నా స్వరపేటికను పూర్తిగా తొలగించారు. ఇప్పుడు నా ఊపిరి మెడ కింద ఉన్న రంధ్రం ద్వారా సాగుతుంది. ఈ శస్త్రచికిత్స కొత్తది కాదు. క్యాన్సర్ రోగికి స్వరపేటికను మొత్తంగా తొలగించే చికిత్సను థియోడోర్ బిల్‌రోత్ 1873 డిసెంబరు 31న వియన్నాలో తొలిసారి చేశారు. ఆ రోగికి ఆయన శిష్యుడు గుసెన్‌బావర్ కృత్రిమ స్వరపేటికను రూపొందించారు. గొంతు తీసిన కాలం నుంచే దానిని తిరిగి ఇవ్వాలన్న తపన కూడా ఉన్నదన్నమాట.

నాకు పోయినది నాదం. నాలుక, తాలువు, దంతాలు, పెదవులు యథాస్థానంలోనే ఉన్నాయి. తెలుగు కూడా ఉన్నది. కావలసినదల్లా ఎక్కడినుంచైనా కొంత ధ్వని. గాలిని అన్నవాహికలోకి తీసుకొని త్రేనుపువలె వెలికి తెస్తూ మాట్లాడేవారున్నారు. అది నెలల తరబడి చేయవలసిన సాధన, ఒక విడతకు నాలుగైదు మాటలే వస్తాయి. మెడకు ఆనించి పట్టుకొనే విద్యుత్ పరికరం మరొక దారి. మొదట్లో నేను దానినే వాడాను. దాని నాదం ఆగక మోగుతూ ఉంటుంది కనుక పరుషాలన్నీ సరళాలుగా వినిపిస్తాయి. నేను ‘పాట’ అంటే మా ఆవిడకు ‘బాట’ అని వినబడేది. ద్రుతం లేకుండానే సరళాదేశం జరిగిపోతుంటే చిన్నయసూరిగారు ఏమనేవారో!

ఇప్పుడు మీరు వింటున్నది మూడవ మార్గం. శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య ఒక చిన్న కవాటం అమర్చారు. రంధ్రాన్ని వేలితో మూస్తే ఊపిరితిత్తుల గాలి ఆ కవాటం గుండా అన్నవాహికలోకి వెళ్ళి, దాని పైభాగాన్ని కంపింపజేస్తుంది. 1980 ప్రాంతంలో అమెరికాలో సింగర్, బ్లోమ్ అనే ఇద్దరు ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కవాటం శాశ్వతం కాదు. కొన్ని నెలలకు అది కారడం మొదలవుతుంది, కాఫీ తాగితే దగ్గు వస్తుంది, అప్పుడు మార్చాలి. బ్రిటన్‌లో ఆ ఖర్చును ప్రభుత్వ వైద్యసేవ భరిస్తుంది. మన దేశంలో దిగుమతి కవాటానికి వేల రూపాయలు పోయవలసి రావడం వల్ల, చికిత్స జరిగినా మాట లేక మిగిలిపోయిన పేదలు ఎందరో. బెంగుళూరు వైద్యుడు విశాల్ రావు సుమారు 50 రూపాయలకే లభించే కవాటాన్ని రూపొందించి, దానికి ‘ఓం’ అని పేరు పెట్టారు. అంతకన్నా తగిన పేరు నాకు తోచదు.

ఈ మార్గంలోనూ ఒక అక్షరం నన్ను ఏడిపించింది. హకారానికి కంఠంలో గాలి రాపిడి కావాలి. ఆ కంఠద్వారమే నాకు లేదు. ‘హరి’ అంటే ‘అరి’ అని వచ్చేది. ఇరవై ఏళ్ళు శనివారాలు ఇక్కడ విష్ణుసహస్రనామం చెప్పించినవాడిని, స్వామిని శత్రువని ఎలా పిలిచేది? ఆరు నెలలు పెదవులు మాత్రమే కదుపుతూ వెనుక వరుసలో కూర్చున్నాను. నాకు శిక్షణ ఇచ్చిన ఆంగ్లేయ వనితకు తెలుగు రాదు. నేను కాగితం మీద ఆ రెండు మాటలకూ అర్థాలు రాసి చూపాను. ఆమె చాలాసేపు ఆలోచించి, నాలుక మూలాన్ని కొంచెం వెనక్కి లాగి అక్కడ గాలిని ఒరిపించమన్నది. నాలుగు వారాలు అదొక్కటే అభ్యాసం. వచ్చినది అచ్చమైన హకారం కాదు, ఖకారానికి మేనత్త కొడుకు వంటిది. అయినా అది అకారం మాత్రం కాదు.

వాసన కూడా పోయింది, ఎందుకంటే ముక్కులోకి గాలి వెళ్ళదు. పెదవులు మూసి, నోటిలోపలే ఆవులించినట్లు దవడ దించితే కొంత గాలి ముక్కులోకి చేరుతుంది. హారతి వేళ నేను వింతగా ముఖం పెడితే అది కర్పూరం కోసమని గ్రహించండి.

మరికొన్ని మాటలు చెప్పి ముగిస్తాను. గొంతు బొంగురు మూడు వారాలకు మించి ఉంటే వైద్యుడిని కలవండి. మిరియాల కషాయంతో సరిపెట్టుకోకండి. మావంటివారు స్పృహ తప్పితే ప్రాణవాయువును మెడ రంధ్రానికే అందించాలి, నోటికి కాదు. ఆలయ స్వచ్ఛంద సేవకులు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. మేము మాట్లాడుతుండగా దయచేసి మా వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి. నాతోపాటు శిక్షణ పొందిన ఒక మహిళ ఫోను ఎత్తితే అవతలివారు ‘సర్’ అంటారట. ఆమె ఇప్పుడు ఫోను ఎత్తడమే మానేసింది. అది చికిత్స చేసిన గాయం కాదు.

వచ్చే శనివారం పారాయణకు వస్తాను. నా గొంతు పదిమందిలో వినబడదు కనుక వెనుక వరుసకు ఒక మైకు ఇప్పించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.